పిట్ట వెనకాల పాత కాగితం

పిట్టల ఫొటోలు ఇష్టంగా చూసేవాళ్ళకి ఈ రకం తెలిసే ఉంటుంది. మధ్యలో ఒక లకుముకిపిట్ట, ఈకలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంటుంది. దాని వెనకాల మాత్రం చెట్టూ ఉండదు, చెరువూ ఉండదు. పసుపెక్కిన పాత దస్తావేజు కాగితమో, పెచ్చులూడిన సున్నపు గోడో, తుప్పుపట్టిన రేకో ఉంటుంది. దీన్నే టెక్స్చర్ బ్యాక్‌గ్రౌండు అంటున్నారు. చూడ్డానికి బావుంటుంది, కాదనను. నా గొడవ అందం గురించి కాదు, ఆ కాగితం కింద ఏం పోయిందన్న దాని గురించి.

తెలియనివాళ్ళ కోసం ఇదెలా చేస్తారో కాస్త చెప్తాను. టెక్స్చరు అంటే బ్రహ్మపదార్థమేం కాదు, అదీ ఇంకో ఫొటోయే. గోడనో గోనెసంచినో ఫొటో తీసి, ఫొటోషాపులోనో గింపులోనో పిట్ట ఫొటో పైన ఇంకో లేయరుగా పెడతారు. ఊరికే పెడితే కింద బొమ్మ కనపడదు కాబట్టి బ్లెండింగ్ మోడు మారుస్తారు. ఇందులో ఉన్నవి హైస్కూలు లెక్కలే. మల్టిప్లై అంటే పేరుకు తగ్గట్టు గుణకారం. కింద పిక్సెల్ విలువ 200, పైన టెక్స్చరుది 128 అనుకోండి. రెంటినీ గుణించి 255తో భాగిస్తే సుమారు 100 వస్తుంది, అంటే బొమ్మ కొంచెం చీకటవుతుంది. స్క్రీన్ దీనికి తిరగేసిన లెక్క. సాఫ్ట్ లైటులో సరిగ్గా మధ్య బూడిదరంగు ఏ మార్పూ చెయ్యదు, అంతకంటే లేతవి వెలుగు పెంచుతాయి, ముదురువి తగ్గిస్తాయి. చివర్లో లేయరు మాస్కు మీద నల్ల బ్రష్షు తిప్పి, పిట్ట ఉన్నంతమేరా టెక్స్చరు చెరిపేస్తారు. పూర్తిగా చెరిపితే పిట్టని కత్తిరించి అంటించినట్టుంటుంది. అందుకే తెలిసినవాళ్ళు పిట్ట మీద టెక్స్చరు గరుకుని మాత్రం తీసేసి, దాని రంగుని పల్చగా ఉంచుతారు. అప్పుడు పిట్టా గోడా ఒకే వెలుగులో ఉన్నట్టు కుదురుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ మల్టిప్లై లెక్కనే ఇంకోసారి చూడండి. కింద ఉన్నది అచ్చ తెలుపు, అంటే 255 అయితే? 255ని 128తో గుణించి 255తో భాగిస్తే మిగిలేది 128. అంటే వెలిసిపోయిన తెల్లటి ఆకాశం ఉన్నచోట టెక్స్చరు తనంతట తానే, ఏ ఇబ్బందీ లేకుండా వచ్చి కూర్చుంటుంది. అదే వెనకాల పొదలూ కొమ్మలూ ఉంటే ఆ లెక్క కుదరదు. టెక్స్చరులోంచి అవన్నీ తొంగిచూస్తూనే ఉంటాయి. కాగితం శుభ్రంగా కనపడాలంటే ముందు ఆ పొదల్ని పనిగట్టుకుని చెరిపెయ్యాలి. నా దృష్టిలో గీత సరిగ్గా అక్కడుంది. ఖాళీ జాగా నింపడం వేరు, ఉన్నదాన్ని చెరిపి నింపడం వేరు.

కరెంటు తీగ మీద పాలపిట్ట ఉంది, మిట్టమధ్యాహ్నం, వెనకాల సున్నంలాంటి ఆకాశం. ఆ ఆకాశం మనకి చెప్పేది దాదాపు ఏమీ లేదు. అక్కడ కాగితం పెట్టినా, కాన్వాసు గుడ్డ పెట్టినా నాకే అభ్యంతరమూ లేదు. (తీగని మాత్రం చెరపొద్దు. ఇవాళ్టి పాలపిట్ట బతుకులో తీగ కూడా ఒక భాగమే.)

అదే గూడబాతుల సంగతి చూడండి, మనం పెలికాన్లు అంటున్నవి. నేలపట్టులో అవి చెరువు నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్ళు పెడతాయి. 1976 నుంచీ అది పక్షుల అభయారణ్యం. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో అవే గూడబాతులు ఊరి చెరువుల్లోని తుమ్మచెట్ల మీద, ఇళ్ళ పక్కనే కాపురం పెడతాయి. పిట్ట ఒకటే, కథలు రెండు. ఒక కథ అడవి శాఖ కాపలాది, ఇంకోటి పక్కన జనం తిరుగుతున్నా అవి నమ్మి దిగుతున్న ఊరిది. ఈ తేడా చెప్పేది పిట్ట ముక్కు కాదు, దాని వెనకాలున్న చెట్టూ, ఇంటి గోడాను. రెండు ఫొటోల్లోనూ వెనకాల ఒకే తుప్పురేకు పెట్టేస్తే, ఆ రెండూ ఒకే ఫొటో అయిపోతాయి.

ఇంకో అడుగు ముందుకెళ్తే కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిపోయిందనుకున్న ఈ పక్షి 1986లో మన కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివికోడి. అంటే దాని పేరులోనే బ్యాక్‌గ్రౌండు ఉందన్నమాట! తెలుగుగంగ కాలువ పనుల దగ్గర వచ్చిన గొడవంతా ఆ పొదలూ, వాటి మధ్య ఉండే ఖాళీ నేలా పోతాయనే. అలాంటి పిట్ట వెనక నుంచి పొదల్ని పీకేస్తే ఏం మిగులుతుంది? పేరులో సగం.

“మరి పాతకాలం చిత్రకారులు చేసిందేమిటి?” అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. జహంగీరు ఆస్థానంలో ఉస్తాద్ మన్సూర్ చాలా పక్షుల్ని సాదా నేపథ్యం మీదే వేశాడు. 1777 నుంచి 1782 దాకా కలకత్తాలో ఇంపీ దొరసాని కోసం షేక్ జైనుద్దీన్ వేసిన పక్షుల బొమ్మల్లో కూడా కొమ్మ తప్ప వెనకంతా తెల్లకాగితమే. ఈ రోజుల్లో జోయెల్ సార్టోరే 2006లో మొదలుపెట్టిన ఫొటో ఆర్క్ కోసం జంతువుల్ని నల్ల తెరల ముందో తెల్ల తెరల ముందో నిలబెట్టి తీస్తున్నాడు. కానీ వాళ్ళెవరూ అది అడవి అనలేదు. మొదటివి బొమ్మలని చూడగానే తెలుస్తుంది. రెండోది జంతుప్రదర్శనశాలల్లాంటి చోట్ల తీసిందని ఆయనే చెప్తాడు. చూసేవాడికి తను చూస్తున్నదేమిటో తెలుసు.

ఆ మాటకొస్తే టెక్స్చరులో ఒక నిజాయితీ ఉంది. పెచ్చులూడిన గోడ ముందు లకుముకిపిట్టని చూసి అది అడవే అని ఎవరూ మోసపోరు. 2023లో ఫొటోషాపులోకి జెనరేటివ్ ఫిల్ వచ్చాక, లేని అడవిని ఉన్నట్టు పుట్టించడం నాలుగు మాటలు టైపు చేసినంత తేలికైంది. ఆ దొంగ అడవి కంటే ఈ దొరతనపు గోడే నయం.

పోటీల వాళ్ళకి మాత్రం ఈ మినహాయింపు లేదు. అమెరికా సంస్థ పి.ఎస్.ఏ., బ్రిటన్ రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ, అంతర్జాతీయ సమాఖ్య ఫియాప్, ముగ్గురూ కలిసి 2014లో ప్రకృతి విభాగానికి ఒకే నిర్వచనం ఒప్పుకున్నారు. అంచులు కత్తిరించడం తప్ప, బొమ్మలో ఉన్నవాటిని చేర్చడం, జరపడం, మార్చడం, తీసెయ్యడం కూడదన్నది అందులో నియమం. అంచేత టెక్స్చరు పెట్టినది ఎంత బావున్నా ఆ విభాగానికి పోదు. అలాంటి పనికి వేరే విభాగాలున్నాయి, హాయిగా అక్కడికి పంపుకోవచ్చు.

నేను కోరేది చాలా చిన్నది. ఆఫీసులో మనం కోడు మార్చేముందు పాత వెర్షను దాచుకోకుండా ఉంటామా? ఫొటోకీ అంతే. అసలు ఫైలు పారెయ్యకండి. టెక్స్చరుని వేరే లేయరులోనే ఉంచండి, అన్నీ కలిపేసి సేవ్ చెయ్యకండి. బయటపెట్టేటప్పుడు కింద ఒక్క వాక్యం రాయండి: ఏ ఊరు, ఏ నెల, వెనకాల పెట్టింది టెక్స్చరు అని. (అరుదైన పిట్ట గూడు మీద ఉంటే మాత్రం ఊరు చెప్పకపోవడమే మంచిది.) ఆ వాక్యం వల్ల బొమ్మ అందం ఏమీ తగ్గదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ చెరువు పూడిపోతే, అక్కడ ఏ చెట్టు మీద ఏ పిట్ట ఉండేదో చెప్పడానికి మీ హార్డుడిస్కులో ఉన్న ఆ అసలు ఫొటోయే మిగలొచ్చు.

కావాలంటే మీ దగ్గరున్న ఒక పిట్ట ఫొటో తియ్యండి. పిట్ట మీద బొటనవేలు పెట్టి మూసేసి, మిగిలినదాంట్లో ఎన్ని సంగతులున్నాయో చూడండి. ఏమీ లేవనిపిస్తే మీ ఇష్టమొచ్చిన కాగితం పెట్టుకోండి. ఒక్క ఆకు కనిపించినా నా మట్టుకు నేను బ్రష్షు కింద పెట్టేస్తాను.