నక్కవాగును చూడని ఋణము

పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము పారిశ్రామికవాడలలోని చిన్న కర్మాగారముల యజమానులకు అప్పు పుట్టుట నేడు పూర్వమంత కష్టము కాదు. జి.ఎస్.టి. లెక్కలను, బ్యాంకు ఖాతాలను యంత్రమే చదివి పరపతిని తేల్చుచున్నది. ధనము ఇట్లు సులభమైనచో యజమానులు మంచి యంత్రములు కొందురనియు, పరిశ్రమలు తామే పరిశుభ్రమగుననియు కొందరు ఆర్థికవేత్తలు చెప్పుచున్నారు. ఈ వాదమును అమీన్‌పూరు చెరువుగట్టున నిలిచి పరీక్షింతము.

1970వ దశకమున ఇచట పారిశ్రామికవాడ వెలసినది. మందుల, రసాయనముల కర్మాగారములు పెరిగిన కొలది నక్కవాగు, ఇసుకవాగు చెడినవి. వానినీటిపై ఆధారపడిన రైతుల పొలములు చెడినవి. 1990లో వ్యవహారము సుప్రీముకోర్టున కెక్కెను. 1994లో చిన్న పరిశ్రమల మురుగును శుద్ధిచేయుటకు పటాన్‌చెరు ఎన్విరోటెక్ అను ఉమ్మడి సంస్థ ఏర్పడెను. 2016లో అమీన్‌పూరు చెరువును ప్రభుత్వము జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించినది. మరుసటి యేడే అదే మండలమున గండిగూడెము చెరువులో చేపలు రాసులుగా చచ్చి తేలినవి. ఒకే మండలమున ఒక చెరువునకు సన్మానము, ఇంకొక దానికి విషము!

యజమాను లందరును దుర్మార్గులని మే మనము. క్రొత్త యంత్రము కొన్నచో సరకు పెరుగును; శుద్ధియంత్రము కొన్నచో ఖర్చే పెరుగును. మురుగును ట్యాంకరులో ఉమ్మడి సంస్థకు పంపుటకు రుసుము చెల్లింపవలెను. చీకటిలో వాగున గ్రుమ్మరించుటకు రుసుము లేదు. సరకు కొన్న పెద్ద సంస్థ నెలల తరబడి పైకము నీయనపుడు చిన్నవాడు మొదట కోసివేయు ఖర్చు ఏదియో వేరుగ చెప్పనక్కరలేదు. 45 దినములలో చెల్లింపవలెనని 2006 నాటి చట్టము చెప్పుచునే యున్నది.

ఈ చిక్కునకు విద్యుద్వేదికలు కొంత మందు తెచ్చిన మాట నిజము. రిజర్వుబ్యాంకు 2014లో నియమములు చేయగా 2017లో ట్రెడ్స్ వేదికలు వ్యాపార మారంభించినవి. ఇది మన షావుకార్లెరిగిన హుండీ మారకమే. చిన్నవాడు తన బిల్లును వేదికపై నుంచును, కొన్నవాడు ఒప్పుకొనును, బ్యాంకులు పోటీపడి వడ్డీ చెప్పును, పైకము ముందే చేతికి వచ్చును. ఆ వడ్డీకి ప్రధానముగ ఆధారము కొన్నవాని పరపతి. 250 కోట్ల రూపాయలకు మించిన వ్యాపారము గల సంస్థలు 2025 మార్చి 31 లోపల ఇందు చేరవలెనని ప్రభుత్వ ముత్తరు విచ్చినది.

కాని యీ యేర్పాటున బిల్లు కనబడును, వాగు కనబడదు. త్వరగా వచ్చిన పైకముతో శుద్ధియంత్రము కొనవచ్చును, మరియొక రియాక్టరును కొనవచ్చును. రెండవదే కొన్నచో మురుగు మునుపటికంటె వేగముగ పెరుగును. ధనమునకు వేగమే గాని దిక్కు లేదు.

దిక్కు చూపుటకు కావలసిన లెక్కలు లేక కాదు. మందుల తయారీ మొదలగు 17 తరగతుల పరిశ్రమల గొట్టములకు నిరంతర మాపకముల నమర్చవలెనని కేంద్ర కాలుష్య మండలి 2014లోనే ఆదేశించినది. ట్యాంకరులకు రసీదు లున్నవి. ఈ లెక్కలు ఒకచోట, అప్పుల లెక్కలు వేరొకచోట నున్నవి. చైనాలో 2017లో హరిత ఋణ ప్రయోగమునకు ఎన్నుకొన్న హూజౌ పట్టణమున చిన్న పరిశ్రమల పర్యావరణ స్థితిని ఋణముతో ముడిపెట్టిరి. మనకు అది అసాధ్యమా?

బిల్లుతో పాటు మురుగు రసీదును జతపరచిన వానికి వడ్డీలో అర్ధరూపాయి తగ్గించినను చిన్న యజమాని లెక్క మారును. లెక్కలలో లేని చాటు కర్మాగారముల కిది పట్టదు. వానికి అధికారుల తనిఖీయే శరణ్యము. లెక్కలలో నున్నవానిపై మాత్రము కొన్నవాని మాట చెల్లును. మొదటి 1000 లిస్టెడు కంపెనీలు తమ పర్యావరణ వివరములను ఏటేట ప్రకటింపవలెనని సెబీ 2022-23 నుండి నిర్బంధించినది. ఆ కంపెనీలు చిన్నవారి నుండి సరకు కొనునపుడు రసీదు నడుగుటకు క్రొత్త చట్ట మేమియు అక్కరలేదు. కొనుగోలు ఒడంబడికలో ఒక్క వాక్యము చేర్చిన చాలును.