లింప్ వేరు, హాబుల్ వేరు

ఈ వారం గోంగూర గురించి రాద్దామని కూర్చుని, రెండు ఇంగ్లీషు మాటల గురించి రాస్తున్నాను. వంటింట్లో ఉండే మనకి ఆ గొడవెందుకని పేజీ తిప్పేయకండి. నాకు వాటితో పెద్ద పనే పడింది.

మా అత్తగారికి 74 ఏళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగాయి. పొద్దున్నే మంచం దిగి, గోడ పట్టుకుని, పొట్టి పొట్టి అడుగులేస్తూ ఆవిడ పెరట్లోకి వెళ్ళేసరికి నా డికాక్షన్ దిగిపోతుంది. పోయిన ఏడాది ఎముకల డాక్టరు గారి దగ్గరకు తీసుకెళితే, బాధేమిటో రాయమని ఒక కాయితం ఇచ్చారు. ఇంటర్ చదివాను కదా అన్న ధైర్యంతో ఇంగ్లీషులో 'లింపింగ్' అని రాసేశాను. ఆయన చూసి, "ఏ కాలమ్మా?" అన్నారు. "రెండూనండీ" అన్నాను. "అయితే ఆవిడది లింప్ కాదమ్మా, హాబుల్ అనాలి" అని నవ్వారు.

నాకు చచ్చేంత సిగ్గేసింది. ఇంటికి రాగానే మా వాడి డిక్షనరీ తీశాను. లింప్ అంటే కుంటడం. ఒక కాలికి దెబ్బో నొప్పో ఉంటే దానిమీద బరువు మోపలేక, గబుక్కున రెండో కాలి మీదకి వాలిపోతాం చూడండి, అదన్నమాట. మనం పని 'కుంటుపడింది' అన్నట్టే వాళ్ళూ ఈ మాటని ఓడలకీ, వ్యాపారాలకీ కూడా వాడతారు. వాడిపోయిన తోటకూరనీ లింప్ అనే అంటారు గానీ, స్పెల్లింగ్ ఒకటే, అర్థం వేరు.

హాబుల్‌లో ఫలానా కాలు అని ఉండక్కర్లేదు, నడకంతా అవస్థే. కొత్త చెప్పులు రెండు మడమల్నీ కొరికేస్తే పెళ్ళిపందిట్లో మనం నడిచే నడక అది. గుర్రం దూరంగా పోకుండా కాళ్ళు కలిపి బందం వేయడాన్నీ హాబుల్ అనే అంటారు. 1910 ప్రాంతంలో యూరప్ ఆడవాళ్ళు చీలమండల దగ్గర బిగుతుగా ఉండే హాబుల్ స్కర్టులు వేసుకుని, అడుగు సాగక నానా తంటాలూ పడ్డారు. మన చీరే నయం, కుచ్చిళ్ళు ఎత్తిపట్టి బస్సెక్కేస్తాం!

సంక్రాంతి వెళ్ళిన వారం అత్తగారు స్నానాలగదిలో జారారు. లేచారు, నడిచారు. "ఏం కాలేదులే అమ్మాయీ, పాత నొప్పులే" అన్నారు. మావారూ "అమ్మ రోజూ అలాగే కదా నడిచేది" అన్నారు. నేను వంటింట్లోంచి అడుగుల చప్పుడు విన్నాను. రోజూ వినే చప్పుడు కాదది. ఎడమకాలు ఇలా ఆన్చి అలా తీసేస్తున్నారు. నొప్పెక్కడ అంటే గజ్జల్లో చూపించారు. తైలం రాసి వేణ్ణీళ్ళు పోద్దామన్న మావారి మాట వినకుండా ఆటో పిలిపించాను.

"ఈసారి లింపేనండీ, ఎడమకాలు" అన్నాను డాక్టరు గారితో. ఎక్స్‌రేలో తుంటి ఎముక మెడ దగ్గర సన్నటి చీలిక కనిపించింది. ఇలాంటి చీలికతో కొందరు నడవగలరట, అందుకే ఇంట్లోవాళ్ళు పోల్చుకోలేరట. ఎముక పక్కకి జరగలేదు కాబట్టి స్క్రూలతో సరిపోయింది. జరిగి ఉంటే కీలు మార్చాల్సి వచ్చేదేమో అన్నారు. మావారు ఆ సాయంత్రం మారుమాట లేకుండా కాఫీ తనే కలుపుకున్నారు.

వాకర్ అయ్యాక ఇప్పుడు చేతికర్ర. అది నొప్పి ఉన్న వైపు పట్టుకోవాలని నేనూ అనుకునేదాన్ని. కాదు, ఎడమకాలు నొప్పయితే కర్ర కుడిచేతిలో ఉండాలి. కింద రబ్బరు బిరడా అరిగిందేమో చూస్తూ ఉండాలి, తడి గచ్చు మీద జారుతుంది.

నిన్న అత్తగారు పెరట్లోంచి వస్తూ, "ఇప్పుడు నా నడకనేమంటారే?" అని అడిగారు.

"మళ్ళీ హాబులే అత్తయ్యా."

"హమ్మయ్య" అంటూ కర్ర గోడకి ఆన్చి కాఫీ అడిగారు.