కుర్చీ దిగిన డైరెక్టరు, ఆసు పోసిన తల్లి

మొన్న ఒక ఎంబీఏ కాలేజీలో ప్రాజెక్టు వైవాకు బయటి పరీక్షకుడిగా వెళ్లాను. బల్ల మీద అరవై దాకా రిపోర్టులు. అన్నిటికీ ఒకే రంగు అట్ట, ఒకే బంగారు అక్షరాలు. ఒకమ్మాయి ఉద్యోగుల సంతృప్తి మీద చేసింది. పేజీలు తిప్పుతుంటే సగం దాకా సిమెంటు కంపెనీ ఉంది, అక్కణ్నుంచి బ్యాంకు అయింది. ఏమ్మా ఇది అంటే తల దించుకుంది. ‘‘జిరాక్స్ షాపులో తీసుకున్నా సార్’’ అంది. కోప్పడబుద్ధి కాలేదు. ఇంట్లో ఏం చేస్తారని అడిగాను. నాన్న మగ్గం నేస్తాడట. అమ్మ ఆసు పోస్తుందట, ఇప్పుడు మిషన్ మీద. ‘‘మరి మీ ఇంటి పని మీదే ప్రాజెక్టు చేయొచ్చు కదమ్మా’’ అన్నాను.

‘‘అది మేనేజ్‌మెంట్ కాదు కదా సార్’’ అంది.

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. రెండేళ్లు ఇన్నోవేషన్, లీడర్‌షిప్ అని పాఠాలు విన్న పిల్లకు, తన ఇంటి నడవాలో ఉన్న మిషన్ పాఠంగా కనబడలేదు. తప్పు ఆమెది కాదు, పాఠం చెప్పినవాళ్లది.

ఆ మిషన్ వెనక ఒక కథ ఉంది. చిటికి చీర, అంటే ఇక్కత్ చీర, నేయాలంటే ముందు ఆసు పోయాలి. ఒక పక్క ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. వాటి మధ్య దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేలసార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18 వేలసార్లు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఈ పని చేసీ చేసీ భుజం, మోచెయ్యి నొప్పులతో అల్లాడేది. ఆరో తరగతితో బడి మానేసిన కొడుకు ఆ నొప్పి చూడలేక 1992లో యంత్రం పని మొదలుపెట్టాడు. అప్పులయ్యాయి. ఊళ్లో పిచ్చివాడన్నారు. మధ్యలో ఆపేసి హైదరాబాద్ వచ్చి పనికి కుదిరాడు. ఆ రోజుల్లోనే బాలానగర్‌లో ఒక యంత్రం కదలిక చూసి, అప్పటిదాకా చిక్కని చివరి ముడి విప్పుకున్నాడు. 1999లో యంత్రం ఆడింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. దానికి తల్లి పేరే పెట్టుకున్నాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది.

ఈ కథను మనం అమ్మ మీద ప్రేమ కథగానే చెప్పుకుంటున్నాం. అందులో వ్యాపార పాఠం కూడా ఉంది. చాలా ఇళ్లలో ఆసు పోసే చేతికి విడిగా కూలి లేదు. ఇంటి ఆడమనిషి పని కాబట్టి చీర ఖరీదులో దాని లెక్క కనబడదు. లెక్కలో కనబడని కష్టాన్ని తగ్గించాలని ఏ కంపెనీకి తోస్తుంది? తరతరాలుగా ఆ పని అట్లాగే ఉండిపోవడానికి నాకు తోచే పెద్ద కారణం ఇదే. ఖర్చుల లెక్క ఎక్కడ తప్పుతుందో, కొనే మనిషి ఒకరూ కష్టపడే మనిషి ఒకరూ అయితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి కేస్ నాకు తెలియదు. ఆపిల్ గురించీ టెస్లా గురించీ పిల్లలు చదవాలి, కాదనను. వాటితో పాటు ఆసునూ చదవాలి.

ఇట్లాంటివి చూసే కన్ను బిజినెస్ స్కూళ్లలో ఎవరికీ లేదని కాదు. అహ్మదాబాద్ ఐఐఎంలో ఆచార్యుడిగా ఉన్న అనిల్ గుప్తాకు 1980లలోనే ఒక ప్రశ్న పట్టుకుంది. రైతుల తెలివిని ఇంగ్లీషులో రాస్తే నాకు పేరొచ్చింది, డబ్బొచ్చింది, ఆ రైతుకు ఏం దక్కింది? అందులోంచి పుట్టిందే హనీ బీ నెట్‌వర్క్. ఎవరి తెలివిని రాసినా వారి పేరుతోనే రాయాలి, వారి భాషలోనే తిరిగి వారికి చేర్చాలి. అదీ దాని నియమం. 1998లో శోధయాత్రలు మొదలయ్యాయి. ఎండాకాలం వేడి ప్రాంతాల్లో, చలికాలం చలి ప్రాంతాల్లో, ఊరి నుంచి ఊరికి కాలినడకన. ప్రజలు కష్టపడే కాలంలోనే వాళ్లను చూడాలి గనక. మన దగ్గర విశ్రాంత బ్రిగేడియర్ పోగుల గణేశం నడిపే పల్లె సృజన అదే దారిలో ఊళ్లు తిరిగి, పేరులేని ఆవిష్కర్తలను వెతికి బయటికి తెస్తోంది.

అంతకు ముందు అదే అహ్మదాబాద్‌లో రవి మత్తాయ్ ఉన్నారు. లీడర్‌షిప్ అన్న మాట ఎక్కడ విన్నా నాకు మొదట ఆయనే గుర్తొస్తారు. 1961లో మొదలైన ఆ సంస్థకు 1965లో తొలి పూర్తికాలపు డైరెక్టరయ్యారు. చేతిలో పీహెచ్‌డీ లేదు, ఆక్స్‌ఫర్డ్ బీఏ, కంపెనీల్లో పనిచేసిన అనుభవం. ఏడేళ్లలో సంస్థకు దేశంలో పేరు తెచ్చారు. 1972లో ఎవరూ దిగమనకుండానే దిగిపోయారు. దిగి ఇంకో పెద్ద పదవికి పోలేదు. అక్కడే మామూలు ప్రొఫెసరుగా, తన తర్వాత వచ్చిన డైరెక్టరు కింద పనిచేశారు. డైరెక్టరు పదవి ఒకరి సొత్తు కాదని అట్లా చేసి చూపించారు. మన కాలేజీల్లో ప్రిన్సిపాల్ కుర్చీ కోసం, వీసీ పదవి కోసం జరిగే పైరవీలు చూసినవాళ్లకు ఈ పని ఎంత అరుదో తెలుస్తుంది.

ఆ తర్వాత ఆయన నడిచిన దారి ఇంకా విలువైనది. 1975లో రాజస్థాన్‌లోని జవాజాకు వెళ్లారు. కరువు నేల, అక్కడ వనరులేమీ లేవని సర్కారు మాట. మనుషులున్నారు కదా, వాళ్ల చేతి పని ఉంది కదా అన్నది మత్తాయ్ మాట. జాతీయ డిజైన్ సంస్థ నుంచి అశోక్ ఛటర్జీ తోడయ్యారు. తోలు పనివాళ్లు, నేతపనివాళ్లు తామే లెక్కలు చూసుకునేదాకా, తామే బేరమాడేదాకా వాళ్లతో కూర్చున్నారు. పని వాళ్ల చేతికి రావాలి, తాను అక్కర్లేకుండా పోవాలి అన్నదే ఆయన పట్టుదల. 1984లో మత్తాయ్ పోయారు. జవాజా పనివాళ్ల సంఘం ఆ తర్వాత కూడా నడిచింది.

మన దగ్గర గచ్చిబౌలిలో 2001లో ఐఎస్‌బీ వచ్చింది, విశాఖలో 2015లో ఐఐఎం వచ్చింది. మంచిదే. కానీ మన పిల్లల్లో ఎక్కువమంది ఐసెట్ రాసి మామూలు కాలేజీల్లో చేరేవాళ్లు. నేతన్నల, రైతుల, చిన్న దుకాణదారుల పిల్లలు. వాళ్లకు గ్రామం కొత్తగా చూపించనక్కర్లేదు. వాళ్లు వదిలిపెట్టి వచ్చినదాన్ని పాఠంగా చూడమంటే చాలు.

అందుకే ఎంబీఏ విభాగాల అధిపతులకు నా విన్నపం. ప్రాజెక్టు అంశం ఎంచుకునే వీలు మీ చేతిలోనే ఉంది. ఈ వేసవిలో ఇద్దరిద్దరు విద్యార్థులను పది రోజులు ఒక ఊళ్లో ఉంచండి. ఎవరి పని గురించి రాస్తారో వారి పేరు మొదటి పేజీలో వేయించండి. తెలుగులో రాయనివ్వండి. వైవా ఆ ఊళ్లోనే, ఆ పనిచేసే మనిషి ఎదుటే పెట్టండి. జిరాక్స్ షాపు రిపోర్టు అక్కడ ఒక్క ప్రశ్నకు నిలవదు. మీరూ వాళ్లతో వెళ్లండి. సికింద్రాబాద్‌లో రైలెక్కితే ఆలేరు రెండు గంటల దూరం కూడా కాదు.