మంచు నీళ్లలో ఆర్సెనిక్

కెనడా ప్రభుత్వం 1966లో ఇండియన్ వ్యవహారాలు, ఉత్తరాది అభివృద్ధి శాఖను ఏర్పాటు చేసింది. (అక్కడి చట్టం ఆదివాసుల్ని ఇప్పటికీ 'ఇండియన్లు' అనే అంటుంది.) ఆదివాసుల హక్కులు కాపాడవలసిందీ, ఉత్తరాది భూముల్లో గనులకూ చమురుకూ అనుమతులివ్వవలసిందీ ఆ ఒక్క శాఖే. ఏ ఫైలు ముందు కదులుతుందో ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఎల్లోనైఫ్ పట్టణం దగ్గరి జెయింట్ గనినే చూడండి. 1948 నుంచి 2004 దాకా అక్కడ బంగారం తీశారు. ఖనిజాన్ని కాల్చినప్పుడు పుట్టిన ఆర్సెనిక్ ధూళి తొలి ఏళ్లలో పొగగొట్టంలోంచి నేరుగా వచ్చి మంచు మీద పడింది. ఎల్లోనైవ్స్ డెనె ప్రజలు ఆ మంచునే కరిగించి తాగేవారు. 1951లో ఒక డెనె పసివాడు ఆ విషంతో చనిపోతే కంపెనీ ముట్టజెప్పింది 750 డాలర్లు. అప్పటికి ఈ శాఖ పుట్టలేదు, పెత్తనం మాత్రం ఒట్టావాదే. 1999లో గని కంపెనీ దివాళా తీసింది. భూగర్భంలో పోగుపడిన 2,37,000 టన్నుల ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ ఈ శాఖ నెత్తిన పడింది. దాన్ని చుట్టూ ఉన్న రాతితో సహా గడ్డకట్టించి, అక్కడే ఉంచాలన్నది పథకం. బంగారం అమ్ముకున్నవాళ్లు వెళ్లిపోయారు, కాపలా ఖర్చు ప్రజలది.

ఎవరు 'ఇండియన్' అని నమోదు చేసే రిజిస్టరు కూడా ఈ శాఖ చేతిలోనే ఉండేది. బయటివాణ్ణి పెళ్లాడిన స్త్రీ పేరు అందులోంచి కొట్టేసేవారు, రిజర్వులో నివసించే హక్కూ దాంతోపాటే పోయేది. బయటి స్త్రీని పెళ్లాడిన మగవాడికి ఏ నష్టమూ లేకపోగా, ఆమెకే ఆ హోదా దక్కేది! జెనెట్ లావెల్ 1973లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. సాండ్రా లవ్‌లేస్ ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ దాకా వెళ్లి 1981లో గెలిచింది. 1985లో చట్టం మారినా, ఆ స్త్రీల సంతానం పట్ల వివక్ష మిగిలే ఉంది. దాన్ని తొలగించడానికి మరో రెండు సవరణలు, 2019 దాకా కాలం పట్టాయి. భూమి మీద స్త్రీ హక్కును మొగుడి పుట్టుకతో ముడిపెట్టిన వ్యవస్థే ఆమె భూమికి ధర్మకర్తనని చెప్పుకుంది.

2019లో శాఖను చట్టప్రకారం రెండుగా చీల్చారు. సేవలు ఒకదానికి వెళ్లాయి. ఆదివాసీ సంబంధాలు, ఉత్తరాది వ్యవహారాలు మాత్రం మళ్లీ ఒక్కచోటే ఉంచారు. మా దృష్టిలో అసలు విడదీయవలసింది ఆ రెంటినే. వాయవ్య ప్రాంతాల్లో భూమి, ఖనిజాల అధికారం 2014లోనే స్థానిక ప్రభుత్వానికి బదిలీ అయింది. జెయింట్ గని బాధ్యతను మాత్రం ఆ ప్రభుత్వం తీసుకోలేదు.