దొంగ మెయిలా? బ్యాంకు మెయిలా?

మొన్న హాలియా నుంచి మా మామ ఫోన్ చేసి "అల్లుడూ, నువ్వు చెప్పినట్టే విన్నా, మునిగినా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

సంగతేమిటంటే, పోయిన వానాకాలంలో ఆయనకి ఒక మెయిల్ వచ్చింది. "మీ ఖాతా భద్రత కోసం 24 గంటల్లో వివరాలు సరిచూసుకోండి, లేదంటే ఖాతా నిలిపివేస్తాం" అని, కింద ఒక లింకు. చూసి, ఇది దొంగది, ఇట్లాంటివి ఏవొచ్చినా తీసి పారెయ్ అని క్లాసు పీకాను. పది రోజులకి అదే బ్యాంకు పేరుతో, అదే బెదిరింపుతో ఇంకోటొచ్చింది. బుద్ధిగా పారేశాడు. తీరా చూస్తే అది అసలుది! కేవైసీ గడువు దాటిందని ఖాతా ఆపేశారు.

సరిగ్గా నాట్ల సమయం. యాసంగి వడ్లమ్మిన డబ్బంతా అందులోనే ఉంది. కూలీలకివ్వడానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. బ్రాంచికి మూడుసార్లు తిరిగితే "మెయిల్ పంపాం కదండీ, చూసుకోవాలి" అన్నారట.

ఆ రెండో మెయిల్ తెప్పించుకుని చూశాను. పంపిన చిరునామా బ్యాంకుది కాదు, ఎవరిదో బల్క్ మెయిళ్ళు పంపే కంపెనీది. లోపల పొట్టి లింకు. ఇంజినీరింగ్ చదివి, రోజూ ఇదే పనిలో ఉన్న నేనే హెడర్లు తెరిస్తే తప్ప తేల్చలేకపోయాను. మరి మా మామ ఎలా తేల్చాలి?

"జనానికి అవగాహన లేదు" అని మనవాళ్ళు తేలిగ్గా అనేస్తుంటారు. నాకు మండేది ఇక్కడే. మా మామకి అవగాహన ఉంది. ఉన్నందుకే దెబ్బతిన్నాడు. దొంగ మెయిల్‌లా ఉండే అసలు మెయిళ్ళు తయారుచేసేది ఎవరు? మనమే కదా! ఆ టెంప్లేట్ రాసేది మనం, "ఈరోజే ఆఖరు" అని ఎర్రక్షరాలు పెట్టేది మనం, డీమార్క్‌ని "నన్"లో పెట్టి "తర్వాత చూద్దాం" అని వదిలేసేది మనం. ఆఫీసుల్లోనూ ఇదే తంతు. ఉత్తుత్తి ఫిషింగ్ మెయిల్ పంపి, నొక్కినవాడిని ట్రైనింగ్‌లో కూర్చోబెడతారు. మర్నాడు ఇన్సూరెన్స్ ఫారం అంటూ ఎవరూ ఎరగని డొమైన్ నుంచి లింకు పంపి, నొక్కనివాడికి రిమైండర్లు కొడతారు.

"పాస్‌వర్డ్ ఇచ్చినవాడిదే తప్పు" అంటారా? 2007లో అబుదాబిలో పనిచేసే ఒక తమిళనాడు ఖాతాదారు ఇలాంటి మెయిల్ నమ్మి 6.46 లక్షలు పోగొట్టుకున్నాడు. ఐసీఐసీఐ బ్యాంకు కూడా తప్పు ఆయనదే అంది. కానీ 2010లో తమిళనాడు ఐటీ చట్టం అధికారి, బ్యాంకు తీసుకోవాల్సిన జాగ్రత్తలు తీసుకోలేదని తేల్చి 12.85 లక్షలు చెల్లించమన్నారు. అంటే నొక్కిన వేలు ఒక్కటే దోషి కాదన్నమాట.

ఈ మధ్య ఒక మంచి పని జరిగింది. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబర్ 31లోగా "డాట్ బ్యాంక్ డాట్ ఇన్"కి మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు రిజిస్టర్ చేసేది మన హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ. బావుంది. కానీ లింకు ఇంకా పొట్టి లింకే అయితే ఆ పేరు ఎవరికి కనబడుతుంది?

ఇంట్లోవాళ్ళకి మనం చెప్పే సలహాలూ మార్చాలి. "స్పెల్లింగ్ తప్పులు చూడు" అనడం ఇక దండగ, ఇప్పుడు ఏఐతో దొంగలు మనకంటే శుభ్రమైన తెలుగు రాస్తున్నారు. పంపినవాళ్ళ పేరు ఎవరిదైనా పెట్టుకోవచ్చు. లింకులో బ్యాంకు పేరు ముందెక్కడో ఉంటే చాలదు, మొదటి ఒంటి గీతకు ముందు ఏ పేరుతో ముగిసిందో అదే అసలు యజమాని.

పొరపాటున వివరాలు ఇచ్చేస్తే సిగ్గుపడి దాచకండి. వెంటనే బ్యాంకుకి చెప్పి ఖాతా ఆపించాలి, 1930కి ఫోన్ చేయాలి. ఖాతాదారు అజాగ్రత్త వల్ల పోతే, బ్యాంకుకి చెప్పేదాకా పోయింది అతనిదే, చెప్పాక పోయేది బ్యాంకుదని 2017 జూలై 6 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ అంది. కాబట్టి ప్రతి నిమిషం డబ్బే. మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే దాన్ని మార్చి, అన్ని చోట్లా లాగవుట్ చేసి, మీకు తెలియకుండా ఫార్వార్డింగ్ ఏమైనా పెట్టారేమో చూడండి.

మామకి నా పాత సలహా వెనక్కి తీసుకున్నాను. "మెయిల్‌లో ఏదీ నొక్కకు, అట్లని పారెయ్యకు. యాప్ నువ్వే తెరిచి చూడు, లేదా పాస్‌బుక్ మీదున్న నంబరుకి ఫోన్ చెయ్" అన్నాను.

"గదేదో ముందే చెప్పొద్దా?" అన్నాడు. నిజమే. మీకూ రేపు "కస్టమర్లకి రిమైండర్ మెయిల్, లింకు పెట్టాలి" అని ఒక టికెట్ వస్తుంది. మూసేముందు ఒక్కసారి అడగండి, లింకు ఎందుకు? యాప్ తెరిచి చూసుకోమంటే చాలదా?