విగ్రహం తీసేశారు సరే, పోలీసులకు ఎవరు చెప్పారు?

2012 జూలై 22, ఆదివారం పొద్దున్నే. అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ స్టేడియం బయట ఉన్న కంచు విగ్రహానికి చుట్టూ పరదా కట్టారు. కాసేపటికి అక్కడ విగ్రహం లేదు. అది జో పటెర్నోది. యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు 46 సీజన్లు హెడ్ కోచ్. 409 మ్యాచ్‌లు గెలిపించిన మనిషి. ఆటతోపాటు చదువూ ఉండాలని పిల్లల వెంటపడే కోచ్‌గా పేరు. యూనివర్సిటీ లైబ్రరీకి సొంత డబ్బు ఇచ్చాడు. ఆ లైబ్రరీకి ఇప్పటికీ ఆయన ఇంటిపేరే ఉంది.

మరి అలాంటాయన విగ్రహం ఎందుకు పీకేశారు? ఆయన ఎవరినీ వేధించలేదు. వేధించింది ఆయన దగ్గర ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా పనిచేసిన జెర్రీ శాండస్కీ. పేద పిల్లల కోసం అంటూ ఒక సేవాసంస్థ పెట్టి, అక్కడికొచ్చిన మగపిల్లల్నే లొంగదీసుకున్నాడు. 2001లో ఒక జూనియర్ కోచ్ స్నానాల గదిలో శాండస్కీని ఒక పిల్లాడితో చూశాడు. మర్నాడే వెళ్లి పటెర్నోకి చెప్పాడు. పటెర్నో తన పైఅధికారికి చెప్పాడు. ఆ అధికారి ఇంకో అధికారితో మాట్లాడాడు. విషయం యూనివర్సిటీ ప్రెసిడెంట్ దాకా వెళ్లింది. పోలీస్ స్టేషన్‌కి మాత్రం వెళ్లలేదు.

పదేళ్లు గడిచిపోయాయి. 2011 నవంబర్‌లో శాండస్కీ అరెస్టయ్యాడు. మరుసటి ఏడాది 45 నేరాలు రుజువయ్యాయి. 30 నుంచి 60 ఏళ్ల జైలు. అరెస్టయిన కొద్దిరోజులకే పటెర్నోని తీసేస్తే వేలమంది స్టూడెంట్స్ రోడ్డెక్కారు, ఒక టీవీ వ్యాన్‌ని తిరగేశారు. ఆ కోపం పిల్లలకు జరిగిన అన్యాయం మీద కాదు, కోచ్‌ని తీసేసినందుకు! రెండు నెలలకు ఆయన క్యాన్సర్‌తో పోయాడు. ఇంకా ఏదైనా చేసుంటే బాగుండేదని పోయేముందు తనే అన్నాడు.

తర్వాత వచ్చిన దర్యాప్తు నివేదిక పెద్దలంతా కలిసి దాచిపెట్టారని తేల్చింది. పటెర్నో కుటుంబం దాన్ని ఒప్పుకోలేదు. యూనివర్సిటీకి 6 కోట్ల డాలర్ల జరిమానా పడింది. పటెర్నో ఖాతాలోంచి 111 విజయాలు కొట్టేశారు, 2015లో మళ్లీ ఇచ్చేశారు. బాధితులకు యూనివర్సిటీ 10 కోట్ల డాలర్లకు పైగా చెల్లించింది. ప్రెసిడెంట్‌కీ, మరో ఇద్దరు అధికారులకూ 2017లో కోర్టు జైలుశిక్ష వేసింది. విజయాలు తీసేసినా తిరిగి ఇవ్వచ్చు. ఆ పిల్లలు పోగొట్టుకున్న పదేళ్లు ఎవరిస్తారు?

ఎక్కడో అమెరికా కథ, చీపురుపల్లిలో మనకెందుకు అంటారా? ఒక్కసారి మన గ్రౌండ్ గుర్తు చేసుకోండి. కబడ్డీయో, ఖోఖోనో, వెయిట్‌లిఫ్టింగో ఆడే అమ్మాయి సెలక్షన్స్‌కి విజయనగరం వెళ్లాలి. జట్టులో పేరు ఉండాలన్నా, సర్టిఫికెట్ మీద సంతకం పడాలన్నా, రేపు స్పోర్ట్స్ కోటాలో సీటు రావాలన్నా ఒకళ్లిద్దరి చేతుల్లోనే ఉంటుంది. చాలామంది పీడీ సార్లు, కోచ్‌లు జేబులోంచి ఖర్చుపెట్టి మరీ పిల్లల్ని పైకి తెస్తారు. వాళ్లకి దండం పెట్టాల్సిందే. కానీ అదే అధికారం చెడ్డవాడి చేతిలో పడితే ఆ పిల్ల నోరు తెరుస్తుందా? తెరిస్తే "ఆట మానేసి ఇంట్లో కూర్చో" అనే మాటే ముందు వస్తుంది. ఆట పోతుంది, ఒక్కోసారి చదువూ పోతుంది. వేధించినవాడు మాత్రం విజిల్ వేసుకుంటూ గ్రౌండ్‌లోనే ఉంటాడు.

మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఈ సంగతి అందరికీ తెలుసు. 2010లో ఒక కోచ్ జూనియర్ అమ్మాయిలను వేధిస్తున్నాడని ఆమె బాహాటంగా మాట్లాడిన సంగతి చాలామందికి తెలీదు. మనకెందుకులే అనుకుంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు. నా లెక్కలో ఆ పతకం ఎంత గొప్పదో ఆ మాటా అంతే గొప్పది. పెద్దపేరు ఉన్నవాళ్లు ఆ పేరుని వాడాల్సింది ఇలాంటి చోటే.

అయితే పేరున్నా అంత తేలిక కాదు. 2023లో సాక్షి, వినేశ్, బజరంగ్ ఢిల్లీ రోడ్డు మీద కూర్చున్నారు. రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడు ఆరోపణల్ని ఖండించారు, అది ఆయన హక్కు. కానీ ఎఫ్ఐఆర్ కోసమే సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఒలింపిక్ పతకాలున్నవాళ్లకే ఆ గతి పడితే, ఇంటర్ సెకండియర్ పిల్ల మాటేంటి?

ఆ పిల్లకి చట్టం ఉంది. 18 ఏళ్లు నిండని పిల్లలైతే, ఆడైనా మగైనా, 2012లో వచ్చిన పోక్సో చట్టం వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థను నడిపే పెద్ద తన కిందివాళ్లు చేసింది దాచిపెడితే ఏడాది దాకా. అంటే "మా ప్రిన్సిపాల్‌గారికి చెప్పేశానండీ" అంటే సరిపోదు. పటెర్నో చేసింది అదేగా! మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదు. చెప్పలేకపోయిన పిల్లలకు శిక్షా లేదు.

డిగ్రీ అమ్మాయిలకు 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనలు ఉన్నాయి. స్టేడియం, స్పోర్ట్స్ హాస్టల్, పోటీలు జరిగే చోటు... ఇవన్నీ ఆ చట్టం కిందికే వస్తాయి. ప్రతి కాలేజీలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. స్టూడెంట్ ఫిర్యాదైతే అందులో స్టూడెంట్స్ కూడా ఉండాలి. మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు ఇస్తారు. "తప్పుడు ఫిర్యాదైతే?" అని అడుగుతారు. అది తేల్చడానికే విచారణ. రెండువైపులా వింటారు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు చేసినవాళ్లని శిక్షించరు.

ఇక మీ పని. మీ కాలేజీలో ఆ కమిటీ ఉందా, అందులో ఎవరున్నారు? రేపే అడగండి. నోటీసు బోర్డు మీద పేర్లూ ఫోన్ నంబర్లూ లేకపోతే పెట్టమనండి. టోర్నమెంటుకి అమ్మాయిల జట్టు వెళ్తుంటే లేడీ మేడమ్ ఎవరైనా తోడు వస్తున్నారా కనుక్కోండి. ఫ్రెండ్ ఎవరైనా మనసు విప్పి చెబితే "నువ్వెందుకెళ్లావు?" అనకండి, ముందు వినండి. చాటింగ్ స్క్రీన్‌షాట్లు దాచమనండి. పిల్లలకైతే 1098, ఆడవాళ్లకు 181, అత్యవసరమైతే 112. బాధితుల పేరో ఫొటోనో వాట్సాప్ గ్రూపులో పెట్టారో, మీరే నేరం చేసినట్టు.

ఇంకోటి. రేపు మీరే పీడీ అవ్వచ్చు, కోచ్ అవ్వచ్చు. ఒక సాయంత్రం జూనియర్ ఒకడు వచ్చి "సార్, ఒక మాట చెప్పాలి" అంటాడు. వేధించినవాడు మీకు బాగా కావాల్సినవాడై ఉంటాడు. పైగా మర్నాడే ఫైనల్ మ్యాచ్. ఆ సాయంత్రం మీరు ఫోన్ ఎవరికి చేస్తారో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.