నీటికి అర టిక్కెట్టు లేదు

చైత్రమాసం వచ్చిందంటే మన చంద్రపూర్ తెలుగు ఇళ్ళకు చుట్టాల రాక మొదలవుతుంది. మహాకాళి జాతరకు కొందరు, పిల్లల సెలవులకు కొందరు వస్తారు. వచ్చినవారికి అమ్మవారి దర్శనం చేయించి, గోండు రాజుల కోటగోడ చూపించి, సాయంకాలం ఏ చెరువుగట్టుకో తీసుకువెళ్ళడం మన ఇళ్ళలో మర్యాద. రామాళా చెరువు ఊళ్ళోనే ఉన్నది. జునోనా చెరువు, ఇరై జలాశయం కొంచెం దూరం. నీళ్ళు ఎక్కడ కనబడినా పిల్లలు ముందు అడిగేది పడవ. చుట్టాల ఎదుట వద్దనడానికి మనకు నోరు రాదు. ఈ నెల మేము ముచ్చటించదలచినది ఆ నోరు రాని మాటను గురించే.

పడవ ఎక్కవద్దని మేము అనడం లేదు. నీటి మీద చల్లగాలికి తిరిగి రావడం అన్ని వయసులవారికీ సంతోషమే. అయితే పడవ ప్రమాదాలలో చాలా మట్టుకు నడినీట పుట్టినవి కావు. గట్టు మీదనే, ఎక్కేటప్పుడే పుట్టినవి. దూరపు కథలు అక్కరలేదు. నాగపూర్ దగ్గర వేణా జలాశయంలో 2017 జులై 9న పదకొండుమంది ఎక్కిన పడవ బోల్తాపడి ఎక్కువమంది మునిగిపోయారు. ఇక మన ఇరై వార్ధాలో కలుస్తుంది. ఆ వార్ధా వైనగంగతో కలసి ప్రాణహిత అయి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది. అదే గోదావరిలో, పాపికొండల దారిలో, కచ్చులూరు వద్ద 2019 సెప్టెంబరు 15న వరద రోజులలో బయలుదేరిన పెద్ద పడవ మునిగింది. డెబ్బైమందికి పైగా ఎక్కితే ఇరవై ఆరుగురు మాత్రమే బయటపడ్డారు. అంతకు రెండేళ్ళ ముందు, 2017 నవంబరు 12న, కార్తీకమాసపు విహారానికి వచ్చినవారి పడవ విజయవాడ దగ్గర కృష్ణలో తిరగబడి ఇరవైమందికి పైగా పోయారు.

ఈ మూడు తేదీలనూ పంచాంగంలో చూచుకోండి. మూడూ ఆదివారాలే. ఆదివారం నీటికి కొత్త బలం ఏమీ రాదు, జనం వస్తారు. గట్టు మీద వరుస పెరుగుతుంది. పడవవాడికి ఇంకొక నలుగురిని ఎక్కించుకుందామనిపిస్తుంది, మనకు ఇంకొకసారి వేచి ఉండడమెందుకనిపిస్తుంది. ఇద్దరి తొందరా కలసిన చోటనే లెక్క తప్పుతుంది.

ఆ లెక్క సంగతి గృహిణులు ప్రత్యేకంగా గమనించాలి. బస్సులో చంటిపిల్లకు టిక్కెట్టు లేదు, కొంచెం ఎదిగినవాడికి అర టిక్కెట్టు. ఆ అలవాటు చొప్పున పడవలో కూడా, "పిల్లలే కదా, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాము" అంటాము. ఇరవై కిలోల పిల్లలు ముగ్గురు ఎక్కితే ఒక పెద్దమనిషి ఎక్కినట్లే. ఎంత బరువు పెరిగితే పడవ అంచు అంత నీటికి దగ్గరవుతుంది. అప్పుడు చిన్న అల కూడా లోపలికి వస్తుంది. లోపలికి వచ్చిన నీరు ఒక పక్కకు జారి పడవను ఆ పక్కకే లాగుతుంది. ఫొటో కోసం నలుగురు లేచి ఒకే వైపు చేరారంటే ఇక చెప్పనక్కరలేదు. వడోదరాలో హర్ణీ చెరువులో 2024 జనవరి 18న బడి విహారానికి వచ్చిన పిల్లలు పన్నెండుమందీ, ఉపాధ్యాయినులు ఇద్దరూ చనిపోయారు. ఆ పడవలో పరిమితికి మించి ఎక్కించారు, చాలామంది పిల్లలకు జాకెట్లు తొడగలేదు.

తేలే జాకెట్టు గురించి ఒక మాట. నీళ్ళలో ఉన్న పెద్దమనిషి తల పైకి నిలవడానికి సుమారు ఐదు కిలోల ఆధారం చాలు. జాకెట్టు ఇచ్చేది ఆ ఆధారమే. కాని అది కాళ్ళ దగ్గర పడి ఉంటే పనికిరాదు. గట్టు మీదనే తొడుక్కుని పట్టీలన్నీ బిగించాలి. పెద్దల జాకెట్టు పిల్లలకు తొడిగితే నీళ్ళలో తలమీదుగా జారిపోతుంది. పిల్లల కొలత లేకపోతే ఆ పిల్లను ఎక్కించకపోవడమే మేలు. ఉక్కగా ఉన్నదని నడినీట విప్పకూడదు. ఈత వచ్చినవారికి అక్కరలేదనుకోవద్దు. చీరకట్టుతో, భయంతో, పక్కవారు మెడ పట్టుకుంటే ఈత సాగదు.

పడవ తిరగబడినా తేలుతున్నంతసేపు దానినే పట్టుకుని ఉండాలి. గట్టు దగ్గరగా కనబడినంత దగ్గర కాదు. ఒడ్డున ఉన్నవారు వెంటనే దూకవద్దు; తాడు, చీర, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది విసరండి. ఇరవై లీటర్ల ఖాళీ నీళ్ళ డబ్బా ఇద్దరిని తేల్చగలదు. బయటకు తీసినవారిని తలకిందులుగా ఎత్తి నీళ్ళు కక్కించే పాత పద్ధతి మానాలి. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదాలి, తెలిసినవారు గుండె మీద ఒత్తాలి. మరొకరు 108కి కబురు చేయాలి.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే పడవల భద్రతకు మార్గదర్శకాలు వెలువరించింది. దేశంలోని నీటి మార్గాల పడవలకు 2021లో కొత్త చట్టం కూడా వచ్చింది. ఉండవలసినవే. కాని ఆదివారం సాయంకాలం ఆ గట్టు మీద చట్టం మన పక్కన నిలబడి ఉండదు. ఇంటి పెద్ద ఉంటాడు. ఎంతమందికి పడవ అని అడగవలసినది ఆయనే. గాలి లేచినా, చీకటి పడుతున్నా, జాకెట్లు చాలకపోయినా దిగుదాం రమ్మనవలసినదీ ఆయనే. బావగారు నవ్వవచ్చును, వియ్యపురాలు ముఖం ముడుచుకోవచ్చును. ఆ నవ్వూ ఆ ముడుపూ ఇంటికి వచ్చి కాఫీ తాగేసరికి తీరిపోతాయి. చుట్టాన్ని నీటి దాకా తీసుకువెళ్ళడం ఎంత మర్యాదో, తిరిగి అతని వాళ్ళకు అప్పగించడం అంతకంటె పెద్ద మర్యాద.

కార్తీక వనభోజనాలకు మనవారు చెరువుగట్లకే వెళ్ళడం అలవాటు. ఈసారి వంటవారినీ, ఆటలవారినీ ఏర్పాటు చేసుకునేటప్పుడు, పడవ దగ్గర నిలబడడానికి ఒక పెద్దమనిషిని కూడా ఏర్పాటు చేసుకోవలెనని మా మనవి. ఆయన దగ్గర ఒక పొడుగు తాడు, రెండు ఖాళీ డబ్బాలు, ఒక చిన్న నోటుపుస్తకం ఉంటే చాలు. ఎక్కినవారెందరో, దిగినవారెందరో అందులో రాయాలి. ఒళ్ళో పిల్లను కూడా ఒకటిగానే రాయాలి.